బిళ్ళగన్నేరు మొలిచినంత మేర

మొన్న ఈస్టరుకు ముందు శనివారం పొద్దున్నే మా నర్సీపట్నం సమాధుల తోటలో గడ్డి కోసే మిషను రొద వినబడేసరికి, కాఫీ గ్లాసు అక్కడే వదిలేసి, మోకాళ్ల నొప్పి కూడా మరచి పరుగులాంటి నడకతో వెళ్లాను. ఎందుకో చెప్పాలంటే ఇప్పటికీ నాకు సిగ్గే.

మా రోజుల్లో మిషన్లెక్కడివండీ? ఆ సమాధుల నేల సర్కారు పోరంబోకు, ఊరందరికీ ఉమ్మడి కనుక, ఏటా ఈస్టరుకు ముందురోజు చర్చి కుర్రకారు ఒక పక్క, చెరకు కత్తులు పట్టుకొచ్చిన రైతులు మరో పక్క చేరి తుప్పలు కొట్టేవాళ్లం. మధ్యాహ్నానికి ఎవరో ఒకరింటి నుంచి పులిహోర వచ్చేది. కొత్తగా బడిపంతులునయిన నాకు పని కంటే పెత్తనం ఎక్కువ. ఆ ఏడు నేల అద్దంలా ఉండాలని పట్టుబట్టి, కంటబడిన ప్రతి మొక్కనూ స్వయంగా పీకేశాను.

మర్నాడు ఈస్టరు తెల్లవారుజామున సమాధుల మీద వెలిగించే కొవ్వొత్తులతో అందరూ వచ్చారు, మా మేనత్తా వచ్చింది. పదకొండు రోజులే బతికి కన్నుమూసిన కూతురికి రాయి వేయించే తాహతు లేక, ఆ చోట గుర్తుగా ఆవిడ ఒక బిళ్ళగన్నేరు మొక్క నాటుకుందట. ఆ సంగతి నాకు తెలియదు. చదునైన నేల మీద అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి నా ముందుకొచ్చి నిలబడి, “ఒరే, నా పిల్లేదిరా?” అంది. భూమి విచ్చుకుంటే లోపలికి వెళ్లిపోదుననిపించింది. చెత్తకుప్పలో వాడిన మొక్క దొరికింది గాని, అది ఉన్న చోటు ఎవరు చెప్పగలరు? ఆ తరవాత అత్త నాతో మాట్లాడటం మానేసింది.

తొలకరి పడ్డాక తోటకు రమ్మని ఆవిడే కబురంపింది. వెళ్లి చూద్దును కదా, రాలిన గింజలన్నీ మొలిచి, ఇంటి వాకిలంత మేర బిళ్ళగన్నేరు మొక్కలే! ఇందులో ఏ చోటని నేను నసుగుతుంటే, “ఏ సోటైతే ఏటిరా, ఇదంతా నా పిల్లదే. బేగెల్లి నీళ్లట్టుకురా” అంది. నీళ్లు మోస్తూ ఏడ్చాను. ఆ ఏటి నుంచి, కత్తి పట్టేముందు ఆడవాళ్లను వెంటబెట్టుకుని, ఏ మొక్క ఎవరి గుర్తో చెప్పించుకుంటూ తోటంతా ఒకసారి తిరగడం మాకు ఆనవాయితీ అయింది.

ఇప్పుడు అత్తా లేదు, ఆనాడు కత్తులు పట్టినవాళ్లలో చాలామంది ఆ తోటలోనే ఉన్నారు. మొన్న గ్లవుజులు తొడుక్కుని వచ్చిన పిల్లల్లో పెద్దమ్మాయి నన్ను చూడగానే మిషను ఆపి, ఎక్కడెక్కడ కొయ్యకూడదో చూపించమంది. చూపిస్తూ చూపిస్తూ ఒక తంగేడు పొద దగ్గర ఆగిపోయాను. అది ఎవరి గుర్తో ఒకప్పుడు నాకు తెలుసు, ఎంత తన్నుకున్నా పేరు రాలేదు; అడుగుదామంటే నా ఈడువాళ్లెవరూ మిగల్లేదు. ఆ పిల్ల నా మొహం చూసి, “తెలీకపోతే వదిలేద్దారండి తాతగారూ” అని మిషను పక్కకు తిప్పుకుంది.

తెలిసినవాళ్ల చోటు కాచుకోవడం నేర్చుకోవడానికే మా తరం ఒక తల్లిని ఏడిపించవలసి వచ్చింది. ఈ పిల్లలు తెలియనివాళ్లను కూడా కాస్తున్నారు.