రాని ఉద్యోగానికి స్తోత్రం

ఈ రోజు ఆరాధన తర్వాత మా చేవెళ్ల చర్చిలో కృతజ్ఞతా కూడిక జరిగింది. క్రిస్మస్‌కు ముందు ఆదివారం, ఏడాదిలో దేవుడు చేసిన మేలును ఒక్కొక్కరు లేచి చెప్పాలి. ఎప్పుడూ వెనక కూర్చుని కళ్లు తుడుచుకునే మా అమ్మ ఈసారి అందరికంటే ముందే లేచింది.

"మా ఇంట్ల బడికి పోయి చదువుకున్నది నా బిడ్డొక్కతే. చందనవెల్లి కంపెనీల దానికి దేవుడు నౌకరి ఇచ్చిండు. స్తోత్రం" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. కానీ నేను ఇంటర్వ్యూకు మాత్రమే వెళ్లొచ్చాను. ఫలితం రేపు మెయిల్‌లో చెబుతామన్నారు.

బయటికి రాగానే పాస్టరమ్మ నా తల నిమిరింది. పక్కింటి అత్త, "మొదటి జీతంల మాకు కేకు మర్చిపోకే" అంది. అందరికీ తలూపాను. ఒక్కరికీ నిజం చెప్పలేకపోయాను.

ఇంటి దారిలో అమ్మను నిలదీశాను. "ఇంకా రానే లేదు గదమ్మా. రాకుంటే నా మొకం యాడ పెట్టుకోవాలె?"

"నీకెందుకు ఫికర్? లేచి చెప్పింది నేను. రాకుంటే పండుగనాడు మల్ల నేనే లేస్త. రాలేదని చెప్తా, నా బిడ్డ ఆడిదాంక పోయొచ్చినందుకు మల్ల స్తోత్రం చెప్త."

ఇంటికొచ్చాక, ఆదివారం ఆఫీసుకు సెలవని తెలిసీ ఇప్పటికి పదకొండుసార్లు మెయిల్ తెరిచాను. మీ అమ్మలూ ఇలా ముందే స్తోత్రం చెప్పేస్తారా? ఫలితం కోసం ఎదురుచూసే ఆ ఒక్క రోజు మీరెలా గడిపారో కాస్త చెప్పండి.