జ్వరం ఎవరికి?

1981లో నేను తిరువళ్ళూరు స్కూళ్ళ ఆఫీసులో లీవు ఫైళ్ళు చూసే గుమాస్తాను. తిరుత్తణి టీచరు రాజేశ్వరి ఆ ఏడాది నాలుగోసారి మెడికల్ లీవు పెట్టింది. అంటే తనకే జబ్బు చేస్తే డాక్టరు సర్టిఫికెట్ మీద ఇచ్చే సెలవు. ఇంట్లోవాళ్ళ జబ్బులకు అది చెల్లదు. ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. "వెళ్ళి చూసి రిపోర్టు రాయండి. అబద్ధమైతే తీసేద్దాం" అన్నారు ఆఫీసరు.

బస్సెక్కానే గానీ మనసు మనసులో లేదు. మావాడి చెవిపోటుకు నా కడుపునొప్పి అని రాసి నేనూ రెండుసార్లు సెలవు తీసుకున్నదాన్నే. దొంగను పట్టుకోడానికి దొంగనే పంపారని నా మీద నాకే చిరాకు.

రాజేశ్వరి ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. నేతపనివాళ్ళ ఇల్లే అయినా లోపల మగ్గం చప్పుడు లేదు. అమ్మవారు పోసిన ఇంట్లోకి బయటివాళ్ళు పోకూడదు. వీధిలోనే నిలబడి పిలిచాను. రాజేశ్వరి బయటికొచ్చింది.

"జ్వరం నీకేనా?"

తల దించుకుంది. "బిడ్డలకక్కా. పెద్దోడికి తగ్గినాక చిన్నదానికి పోసింది. బిడ్డను డాక్టరు దగ్గిరికి తీసకపోతే అమ్మవారికి కోపమొస్తాదని మా అత్త ఒప్పుకోలే. బిడ్డ పేరుతో సర్టిఫికెట్టు యాడ తెచ్చేది? తెచ్చినా మీరు లీవిస్తారా? అందుకే నాకని రాయించినాను."

"మీ ఇంటాయన చూసుకోకూడదా?"

"తల్లి ఉండంగా మొగోడు కూచుంటాడా అంటాది అత్త."

"ఉద్యోగం పోతుందే, తెలుసా?"

"ఉన్నదే రాయండక్కా" అంటూ గోడ పట్టుకుంది. తూలుతోంటే మైల మాట మరిచిపోయి చెయ్యి పట్టుకున్నాను. పెనంలా కాలుతోంది. మెడ మీద రెండు పొక్కులు లేచాయి.

"నీకే జ్వరం కదే!"

"అవునా? చూసుకోలే."

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. 'ఆమెకు జ్వరం ఉన్నది, కళ్ళారా చూశాను' అని ఒకే వాక్యం రాసిచ్చాను. ఆఫీసరు సంతకం పెట్టారు. ఉద్యోగం నిలిచింది.

లీవు ముగిశాక జాయినింగ్ రిపోర్టు, అంటే తిరిగి పనిలో చేరినట్టు రాసే కాగితం, ఇవ్వడానికి వచ్చింది. ముఖం నిండా మచ్చలు.

"ఇన్నాళ్ళూ బాగా పడుకున్నావా?" అన్నాను.

"చిన్నది లేచినాక మా అత్తకూ పోసిందక్కా. ఒక ఆదివారం పడుకున్నా."

ఆ తర్వాత ఏ ఆడమనిషి ఆ లీవు కాగితం తెచ్చినా జబ్బేమిటని అడగడం మానేశాను. "నువ్వు పడుకుంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అని అడిగేదాన్ని. రిటైరయ్యే దాకా అదే ప్రశ్న.