ఎడమ కాలి సాక్ష్యం

మా తమ్ముడి సైకిలుకు సీటు లేదు. కూర్చుని తొక్కే సైకిలు కాదది. నిలబడి, రెండు బ్రేకులూ బిగపట్టి, ఒక బండ మీద నుంచి ఇంకో బండ మీదకు దూకించే ట్రయల్స్ సైకిలు. దాని మీద ఉన్నంతసేపూ మనిషి బరువంతా రెండు పెడళ్ల మీదే ఉంటుంది. వాడు ఇల్లందు బొగ్గు గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. డ్యూటీ దిగి, అడవి వైపు వాగులో ఉన్న బండల మీద ఈ గెంతులు గెంతేవాడు. నలభై దాటిన మనిషికి ఇదేం పిచ్చి అని కాలనీలో నవ్వుకునేవారు. నేను నవ్వలేదు. తన ఒంటి నిలకడను తప్ప ఇంకే శక్తినీ నమ్ముకోని ఆట అది. అందుకే నాకు ఇష్టం.

ఒక వానాకాలం మొదట్లో పాత పెడలు మీద బూటు జారి వాడి మోచేయి చెక్కుకుపోయింది. ఆ ఆదివారం నేను ఖమ్మం నుంచి వెళ్లేసరికి కట్టు కట్టుకుని ఉన్నాడు.

"అన్నా, జారని పెడళ్లు చూసిపెట్టు. పట్టు ఉండాలె, రాయికి తగిలినా పగలొద్దు. నువ్వు చూస్తే తప్పు పోదు."

చిన్నప్పటి నుంచీ అంతే. నేను సభల్లో జ్యోతిష్యులతో, బాబాల శిష్యులతో వాదిస్తుంటే వాడు వెనక వరుసలో కూర్చుని మురిసిపోయేవాడు. ఎవరి మీదా గుడ్డి నమ్మకం ఉండకూడదని పాతికేళ్లుగా రాస్తున్నాను. వాడికి నా మీద ఉన్నది అదే నమ్మకం. నా మీద ఉంది గనుక నా కంటికి ఆనలేదు.

పెడళ్ల గురించి నెల రోజులు చదివాను. చివరికి రెండు జతలు తెప్పించాను. ఒకటి నైలాన్‌ది: తేలిక, పైన మొద్దు బుడిపెలు. రెండోది అల్యూమినియంది: పైనా కిందా సన్నని ఉక్కు పిన్నులు. ఆ పిన్నులను అవతలి వైపు నుంచి బిగిస్తారు. రాయికి కొట్టుకుని మొన నలిగిపోయినా వెనక నుంచి తీసి కొత్తది వేసుకోవచ్చు. చూడగానే నాకు అల్యూమినియందే నచ్చింది. నచ్చింది కాబట్టే నన్ను నేను నమ్మలేదు. పరీక్ష పెట్టాను.

తమ్ముడి వాకిట్లో సైకిలును గోడకు ఆనించి, వాడి కళ్లకు తువ్వాలు కట్టాను. వాడి గుడ్డ బూట్ల అడుగున బొగ్గు బురద పూశాను. జతలు మార్చి మార్చి బిగించే పని వాడి వర్క్‌షాపు దోస్తు చేశాడు. ఏ జత మీద ఎక్కాడో వాడికి తెలియదు. పక్కన నేను నోటుబుక్కులో కుడి కాలికి ఒక గడి, ఎడమ కాలికి ఒక గడి గీసుకుని కూర్చున్నాను.

"ఇది పట్టిందా, ముందుది పట్టిందా?"

"కుడి కాలికైతే ఇదే అన్నా. కుక్క పట్టినట్టు పట్టింది."

"ఎడమ?"

"ఎడమకు ఏం తెలుస్తలేదు. రెండూ ఒక్కతీరుగనే ఉన్నయ్."

గడపలో నిలబడ్డ మరదలు అందుకుంది: "ఆయన ఎడమ చెవు గూడ గంతే బావా. నేను చెప్పేది ఒక్కటి తెల్వది."

అందరం నవ్వాం. నాలుగు సార్లు అడిగాను. నాలుగు సార్లూ ఎడమ కాలు ఏమీ చెప్పలేదు.

"ఎడమ కాలి సాక్ష్యం చెల్లదు. కొట్టేస్తున్నా" అన్నాను. ఆ గడి మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీశాను. కుడి కాలి మాట మీద అల్యూమినియం గెలిచింది.

వాడికి షుగరు ఉందని నాకు తెలుసు. ఏం తినాలో, ఏం తినకూడదో రాసి వాళ్ల వంటింటి గోడకు అంటించింది నేనే. షుగరు ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుందనీ తెలుసు. ఆకు పసరుతో షుగరు తగ్గిస్తానన్న ఒకతన్ని ఎండగడుతూ నేను రాసిన వ్యాసంలో ఆ సంగతి మీద ఒక పేరా మొత్తం ఉంది. అది రాసిన చేతితోనే ఆ గీత గీశాను.

మొదటి వారం వాడు పండగ చేసుకున్నాడు. "గోడకు మేకు కొట్టినట్టున్నది అన్నా కాలు" అని ఫోను చేశాడు. తర్వాత రెండు ఆదివారాలు నేను వెళ్లినప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. వాగు నిండుగా ఉందన్నాడు. కాళ్లకు మేజోళ్లున్నాయి. ముసురు పట్టింది కదా, చలేమో అనుకున్నాను.

మూడో ఆదివారానికి ముందే మరదలు ఫోను వచ్చింది. తమ్ముడికి జ్వరం, మాట తడబడుతోందని. వెళ్లి ఎడమ కాలి మేజోడు తీస్తే వాసన కొట్టింది. పాదం కింద పసుపు ముద్ద. ఉక్కు పిన్నులు పల్చటి బూటు అడుగును తొలుచుకుని పాదంలోకి దిగాయి. వాడికి నొప్పి తెలియలేదు. మేజోడు తడిస్తే అప్పుడు చూసుకున్నాడట.

"ఎన్ని రోజులైంది?"

"పద్దెనిమిది" అంది మరదలు.

"నాకెందుకు చెప్పలేదు? దవాఖానాకు ఎందుకు పోలేదు?"

"ఎట్ల చెప్తం బావా? పసుపు పెట్టినమంటే మీరు నిలవెట్టి కడుగుతరు. మంచిగైనంక చెప్దామన్నడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అన్న ఏరి ఏరి తెచ్చిన పెడళ్లు, తెలిస్తే పాణం కొట్టుకుంటది అన్నడు."

ఖమ్మంలో డాక్టరు వాడి పాదాన్ని సూదితో అక్కడక్కడా తాకి చూశాడు. "ఈ కాలికి స్పర్శ ఎప్పటి నుంచి లేదు?" అని అడిగాడు. తమ్ముడు నా వైపు చూశాడు. ఆ తారీఖు నా నోటుబుక్కులో ఉంది.

మోకాలి కింద నుంచి తీసేశారు.

పాతికేళ్లు వేదికల మీద నిలబడి, రుజువు చూపించండి, రుజువు చూపించండి అని అరిచాను. తమ్ముడి వాకిట్లో ఎడమ కాలు నాలుగు సార్లు చూపించింది.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, వాకిట్లో మంచం మీద కూర్చుని వాడు సైకిలు వైపు చూపించాడు.

"ఆ ఎడమ పెడలు ఇప్పెయ్ అన్నా. కుడిది ఉండనీ."

స్పానరు పెట్టి తిప్పాను. రాలేదు. బలమంతా పెట్టాను. చేతులు ఎర్రబడ్డాయి. వాడు చాలాసేపు చూశాడు.

"ఉల్టా తిప్పాలె అన్నా. ఎడమదానికి మర ఉల్టా ఉంటది. గిట్ల బిగిస్తున్నవ్ నువ్వు."

"ముందే చెప్పొచ్చు కదరా."

"నీకు తెలుసనుకున్న."

ఎగతాళి కాదు. వాడు నిజంగానే అలా అనుకున్నాడు. రెండో వైపు తిప్పితే పెడలు చేతిలోకి వచ్చింది. ఒక్క పిన్ను కూడా అరగలేదు.