సెంటర్ ఆంటీది

మంగళవారం పొద్దున రాఫెల్స్ ప్లేస్‌లో రైలు దిగి ఎస్కలేటర్ మీద ఉండగా ఫోన్ మోగింది. పక్క ఫ్లాట్ ఆంటీ వాళ్ళమ్మాయి. "అక్కా, అమ్మ ఈజ్ నో మోర్. నిద్రలోనే పోయింది" అంది. ఎస్కలేటర్ నన్ను పైదాకా తీసుకెళ్ళి దింపేసింది. ఆఫీసులకి పరిగెత్తేవాళ్ళు నన్ను తప్పించుకుని పోతున్నారు. అప్పుడు నాకు మొట్టమొదట తట్టిన మాట చెప్తే మీరు నవ్వుతారేమో. ఈ ఆదివారం సెంటర్‌లో ఎవరు నిలబడతారు? అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మాది సింగపూర్‌లో టోవా పాయో. ఆంటీది మా పక్క తలుపు. బాపట్ల దగ్గర పల్లె నుంచి అంకుల్ షిప్‌యార్డ్ ఉద్యోగంతో పాటు వచ్చి, అంకుల్ పోయినా ఇక్కడే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె తెలుగులోకి అరవం, మలయ్ అన్నీ వచ్చి చేరాయి. "భోంచేశావా" అనదు, "మకాన్ అయిందా" అంటుంది. అవలేదంటే మాత్రం అచ్చంగా బాపట్ల గోంగూర పచ్చడి తెచ్చిపెడుతుంది.

ఒక శనివారం సాయంత్రం తలుపు కొట్టింది. చేతిలో రాకెట్ ఉంది.

"రేపు పొద్దున ఖాళీయేగా అమ్మాయ్? షటిల్‌కి రా."

"నాకు రాదు ఆంటీ."

"నాకూ రాదు. ఇద్దరం కలిస్తే ఒక జట్టు."

అదీ నా క్రీడాజీవితం మొదలైన తీరు. అప్పటికి నాకు నలభై దాటాయి. బడిలో ఆటల పీరియడ్ వస్తే తలనొప్పని చెప్పి తప్పించుకున్న మనిషిని నేను.

కమ్యూనిటీ క్లబ్ హాల్లో ఆదివారాలు రెండు కోర్టులు బుక్ చేసుకుని ఆడే తెలుగువాళ్ళ గుంపు అది. సగం మంది నిజమైన ఆటగాళ్ళు. కాలేజీ జట్లలో ఆడినవాళ్ళు, ఇక్కడి టోర్నమెంట్లకి పేర్లు ఇచ్చేవాళ్ళు. వాళ్ళు స్మాష్ కొడితే హాలంతా టపాకాయ పేలినట్టుండేది. మిగతా సగం మేము. మేం కొడితే కాక్ మొహమాటంగా నెట్ దాకా వెళ్ళి ఆగిపోయేది.

ఆంటీది పంజాబీ డ్రెస్సు, చున్నీకి పిన్నీసు, మోకాలికి ఎలాస్టిక్ పట్టీ, బొట్టు, తెల్ల బూట్లు. రాగానే బెంచీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి మా ఇద్దరికీ చోటు చోప్ చేసేది, అంటే ఇక్కడి పద్ధతిలో ఆపిపెట్టేది. పక్కన మజ్జిగ ఫ్లాస్కు. అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ. రంగురంగుల ఎనర్జీ డ్రింకులు తాగే కుర్రాళ్ళు కూడా చివరికి ఆ ఫ్లాస్కు చుట్టూ చేరేవాళ్ళు.

ఇక ఆట. ఆంటీ బడిలో ఆడింది షటిల్ కాదు, బాల్ బ్యాడ్మింటన్. ఉన్ని బంతితో, మట్టి కోర్టులో, పక్షానికి ఐదుగురు ఆడే ఆట. అందులో ఎవరి చోటు వాళ్ళది, ఆమెది సెంటర్. యాభై ఏళ్ళు గడిచినా, సముద్రం దాటినా, కోర్టులో మనుషులు ఇద్దరే అయినా, ఆమె వెళ్ళి సరిగ్గా మధ్యలో నిలబడేది. అక్కణ్ణుంచి కదిలేది కాదు. "ఆంటీ, ఇందులో చోట్లు మారాలి" అని ఎందరో చెప్పి చూశారు. "మీరు మారండి నాయనా, నేను సెంటర్" అనేది. దాంతో మా జట్టు ఎలా తయారైందంటే, ఆమె సెంటర్, నేను మిగతా నలుగురు. ముందుకీ వెనక్కీ ఆమె చుట్టూ ప్రదక్షిణాలు చేసేదాన్ని. గాలి ఎదురొస్తోందనీ, లైటు కళ్ళలో పడుతోందనీ నేను సణుగుతుంటే, "ఆడలేక మద్దెల ఓడందిట" అని నవ్వేది. "కాక్ పడితే పడనీ అమ్మాయ్. చెయ్యి మాత్రం లేవాలి" అనేది.

అలా రెండేళ్ళు హాయిగా ఓడిపోయాం. అప్పుడు వచ్చింది ఆ ఆదివారం.

గుంపులో అందరికంటే గట్టి ఆటగాడు జురాంగ్ ఐలాండ్‌లో ఇంజినీరుగా పనిచేసే కరీంనగర్ అబ్బాయి. మంచివాడు, మాట మెత్తన. అందరినీ బెంచీల దగ్గరికి పిలిచి, నేలచూపులు చూస్తూ చెప్పాడు.

"తప్పుగ అనుకోకుండ్రి. టోర్నమెంట్ దగ్గరికొచ్చింది, మేం గట్టిగ ప్రాక్టీస్ చెయ్యాలె. మొదటి గంటన్నర మేం ఆడుతం. ఆఖరి అర్ధగంట మీరు ఆడుకోండ్రి."

అందులో అన్యాయం ఏముంది? వాళ్ళ ఆట ఆట, మాది వ్యాయామం. కానీ నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. వారమంతా ఆఫీసులో కుర్చీ, రైల్లో కుర్చీ, ఇంట్లో కుర్చీ. లేచి నిలబడి, చెమట పట్టి, పెద్దగా నవ్వేది అక్కడొక్కచోటే. ఆఖరి అరగంట అంటే ఇవాళ అరగంట, వచ్చే నెల పావుగంట, ఆ తర్వాత మేమే రావడం మానేస్తాం. అది అందరికీ తెలుసు. కుక్కిన పేనుల్లా కూర్చున్నాం.

ఆంటీ ఫ్లాస్కు మూత బిగించి లేచింది. "అలాగే బాబూ. కాకపోతే ఇవాళ్టికి ఒక్క గేము. నువ్వూ నీ జోడీ అటు, నేనూ మా అమ్మాయీ ఇటు."

కాదనలేక ఒప్పుకున్నాడు. పెద్దావిడ కదా అని కాక్‌ని పువ్వు అందించినట్టు మెత్తగా వేశాడు. ఆంటీ చెయ్యి ఎత్తలేదు. కాక్ ఆమె కాళ్ళ దగ్గర పడింది. ఆటలో చెయ్యి ఎత్తకుండా ఆమె నిలబడటం నేను చూడటం అదే మొదలు. ఇంకోటి వేశాడు, ఇంకా మెత్తగా. అదీ పడనిచ్చింది. పాయింట్లు అటు పెరిగిపోతున్నాయి. ఆమెకి ఒంట్లో బాగాలేదేమోనని నేను దగ్గరికి వెళ్ళబోయాను.

"బాబూ," అంది ఆంటీ, నెట్ అవతలికి. "నువ్వు కొట్టేది నాకు కాదు, నా వయసుకి. నాకు కొట్టు."

"దెబ్బ తగుల్తది ఆంటీ."

"తగిలితే మందు రాసుకుంటా. ఇంట్లో పెద్ద డబ్బా ఉంది."

పక్క కోర్టు ఆట ఆగిపోయింది. అతని ముఖం ఎర్రబడింది. సిగ్గో, కోపమో, రెండూనో. అతని తర్వాతి సర్వీసు తడబడి నెట్‌కి తగిలింది. ఇప్పుడు సర్వీసు మాది. నా సర్వీసు ఎప్పట్లాగే ఎత్తుగా, స్మాష్ కొట్టమని బతిమాలుతున్నట్టు వెళ్ళింది. అతను గాల్లోకి లేచాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఒక చప్పుడు, దాని వెంటే ఇంకో చప్పుడు.

కళ్ళు తెరిచేసరికి కాక్ వాళ్ళ వైపు నేల మీద ఉంది. టోర్నమెంట్ ఆడే ఇద్దరూ, అవతలివాడు తీస్తాడులే అనుకుని, దానికి చెరోవైపు నిలబడి ఉన్నారు. ఆంటీ చెయ్యి ఇంకా ముందుకే చాచి ఉంది. మణికట్టు వంగకుండా, మోచెయ్యి బిగించి, ఉన్ని బంతిని ఆపినట్టు ఆపింది. బాపట్ల మట్టిలో నేర్చిన దెబ్బ అది. ఎవరూ దిద్దలేకపోయిన ఆ తప్పు నిలబడటమే ఆమెను కాక్ దారికి సరిగ్గా అడ్డంగా నిలబెట్టింది.

ఇది గెలుపు కథ అనుకునేరు. ఆ తర్వాత అతను నిజంగానే ఆడాడు, మేం చిత్తుగా ఓడాం. ఒక స్మాష్ ఆమె భుజానికి తగిలింది, ఇంకోటి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. దేనికీ ఆమె వెనక్కి తగ్గలేదు. ప్రతిదానికీ చెయ్యి లేచింది, చాలావరకు ఆలస్యంగా లేచింది. ప్రతిసారీ చిన్నపిల్లలా నవ్వింది. ఓడిన మనిషి ముఖం అంతలా వెలగడం నేనెక్కడా చూళ్ళేదు. ఓటమిని ఓర్చుకునేవాళ్ళని చూశాను గానీ, దాన్ని తగ్గించి ఇస్తే తీసుకోనని కొట్లాడిన మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు అబ్బురమే.

ఆట అవగానే అతను నెట్ కింద నుంచి ఇటు వచ్చాడు.

"ఆంటీ, గది ఎట్ల కొట్టిన్రు?"

"నాకేం తెలుసు? నువ్వు కొట్టావు, నేను అడ్డం పెట్టా. ఇన్నాళ్ళకి ఒకడు నాతో ఆడాడు. ముందు మజ్జిగ తాగు."

ఆఖరి అరగంట మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తర్వాతి ఆదివారం నుంచి మొదటి గేముకి ఆంటీని పిలిచేది అతనే. ఆట తర్వాత హాకర్ సెంటర్‌లో, ఆ తిండి కొట్ల దగ్గర కోపి తాగుతూ ఒకసారి కారణం కూడా చెప్పాడు. "మావోళ్ళతోని ఆడితే కాక్ ఎటు వస్తదో నాకు ముందే తెలుస్తది. మీరు కొడితే ఎటు వస్తదో మీకే తెల్వదు. అసలు ప్రాక్టీస్ గదే." ఆంటీ అంత నవ్వడం, కోపి ఒలకబోసుకోవడం ఒకేసారి జరిగాయి. వాళ్ళమ్మాయి మాత్రం భుజం మీద కమిలిన మచ్చ చూసి, "మా, యు ఆర్ సిక్స్‌టీ సెవెన్ లా!" అని ఈ ఊరి ఇంగ్లీషులో వారం రోజులు గోల పెట్టింది.

టోర్నమెంట్‌లో అతను రెండో రౌండులోనే ఓడిపోయాడు. చూడటానికి మేం వెళ్ళాం, ఫ్లాస్కుతో సహా. అతను తువ్వాలు తలమీద కప్పుకుని మూల కూర్చుంటే ఆంటీ వెళ్ళి పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. "గెలిచేవాళ్ళు వీధికొకళ్ళు దొరుకుతారు నాయనా. ఓడి, మళ్ళీ ఆదివారం వచ్చేవాళ్ళే కరువు. వస్తావుగా?" అంది. తువ్వాలు లోపల తల ఊగింది. వచ్చాడు.

ఆంటీ పోయిన ఆ వారమే, ఆదివారం అందరం హాలుకి వెళ్ళాం. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ మానలేదు. వాళ్ళమ్మాయి మజ్జిగ ఫ్లాస్కు పంపింది. అల్లం ఎక్కువైంది, అయినా అందరూ తాగారు. నేను టిష్యూ ప్యాకెట్ బెంచీ మీద పెట్టి కోర్టులోకి వెళ్ళాను. అటు కరీంనగర్ అబ్బాయి, అతని జోడీ. ఇటు నా పక్కకి ఎవరూ రాలేదు. సరే, ఒక్కదాన్నే ఆడదామనుకున్నాను. నలుగురి పని అలవాటే కదా.

అతను కాక్ వేశాడు. మెత్తగా, పువ్వు అందించినట్టు. నా మీద జాలిపడ్డాడని తెలుసు. నేను చెయ్యి ఎత్తలేదు. కాక్ నా కాళ్ళ దగ్గర పడింది. తలెత్తి అతని వైపు చూశాను. అతను భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు.

కాక్ తీసి ఈసారి నేనే సర్వీసు చేశాను, ఎత్తుగా. అతను గాల్లోకి లేచి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. నా చెయ్యి లేచింది, ఆలస్యంగా. వెనక్కి తిరిగి చూస్తే, కోర్టుకి సరిగ్గా మధ్యలో, ఎవరూ లేనిచోట, కాక్ ఇంకా గిర్రున తిరుగుతోంది.