అప్పల బావ, ఆయన కుక్క, ఆ రేడియేషన్ సూది

నిన్న పొద్దున అప్పల బావ నంబర్ నుంచే మెసేజ్ వచ్చింది.

"మీ బావ పోయినాడు."

నేను నమ్మలేదు. ఇన్నేళ్ళు నేను ఏడిపించినదానికి పగ తీర్చుకుంటున్నాడనుకున్నాను. "ఓవర్ యాక్టింగ్ చాలు బావా" అని కొట్టాను.

వెంటనే ఫోన్ మోగింది. బావ కాదు. అక్క, ఆయన భార్య. మాట లేదు, ఏడుపే.

అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకెళ్ళానో తెలియదు. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే చదువుకున్నవాళ్ళు సర్దుకోండి.

బావకు మా సుంగై సిపుట్ ఊళ్ళో మోటార్‌బైక్ షెడ్డు. ఒక నల్ల కుక్క, పేరు కోపి.

పోయినేడాది కోపికి కాలి ఎముకలో కేన్సర్ గడ్డ లేచింది. ఒక పశువుల ఆసుపత్రిలో కొత్త మందు కుక్కల మీద పరీక్షిస్తుంటే బావ తీసుకెళ్ళాడు. నా బుర్రకెక్కింది ఇంతే: సూదిలో రేడియేషన్ మందు ఎక్కిస్తారు. అది గడ్డ ఎక్కడుందో వెతుక్కుని, అక్కడే కూర్చుని కాలుస్తుంది.

కొన్నాళ్ళు కుక్కను ముద్దు చేయొద్దన్నారు. ఉచ్చ కూడా గ్లవుజులేసుకునే కడగాలి.

ఆ గడువు అయిపోయిన సాయంత్రం, పాసార్ మాలంలో, అదే రాత్రి సంతలో, కొన్న చీకట్లో వెలిగే పట్టీ కోపి మెడకు కట్టి వీధిలోకి వదిలాను. రేడియేషన్ ఎక్కి కుక్క వెలుగుతోందని అందరికీ ముందే చెప్పి ఉంచాను. పక్కింటి ఆంటీ ఆరేస్తున్న బట్టలు పడేసి తలుపేసుకుంది.

బావ స్పానర్‌తో వెంటపడ్డాడు.

"ఒరే, ఆ సూది నీ నాలిక్కి ఏయించాలిరా. నీ గడ్డ అక్కడే ఉంది."

కోపి కుంటడం మానేసింది. బావ కుంటడం మొదలైంది. ఆయనకూ ఎముకల్లోనే కేన్సర్.

ఒకసారి ఇద్దరినీ ఆ పశువుల ఆసుపత్రికి నా వ్యాన్‌లోనే తీసుకెళ్ళాను. కోపి గడ్డ చిన్నదైందని అక్కడి డాక్టరమ్మ సంతోషంగా చూపించింది. నాకూ తోకుంటే ఈ సూది వేసేదానివా అని బావ తమిళంలో అడిగాడు.

ఆమె నవ్వలేదు. ఈ మందు కుక్కల్లో నిలబడితేనే మనుషుల దాకా వస్తుంది అంకుల్, చివరి స్కాన్ దాకా మానకుండా తీసుకురండి అంది. బావ సరేనన్నాడు.

వ్యాన్‌లో నాతో అన్నాడు. "నా దాకా రాదులేరా. ఇంకోడి దాకా రావాల."

ఆ చివరి స్కాన్ ఈ గురువారం.

ఇవాళ దహనం అయ్యాక ఆ మాట ఎత్తాను. బావ పెదనాన్న ఒప్పుకోలేదు. "పెద్దకర్మ దాకా ఈ ఇంటిది ఏదీ గడప దాటకూడదు. కుక్కైనా అంతే."

"కుక్కకి మైలేటి మామా? అదేటి పెళ్ళికెళ్తందా?"

"నీకన్నీ ఆటలేరా."

ఈసారి ఆడటం లేదని ఎలా చెప్పాలో తెలియలేదు.

గోడవార కూర్చున్న అక్క తల ఎత్తింది.

"ఆయన ఆ డాక్టరమ్మకి మాటిచ్చినాడు మామా. మాటకి మైల లేదు. తమ్ముడూ, నువ్వు తీసుకెళ్ళు."

బావ పెదనాన్న కండువా దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు. కాదనలేదు.

బావా, గురువారం కోపిని నేనే పట్టుకుంటాను. ఆ స్కాన్‌లో ఏం కనబడుతుందోనని నాకు భయంగా ఉంది. ఏం కనబడినా డాక్టరమ్మకు పనికొస్తుంది.

నీ వంతు నువ్వు చేశావు. ఇక నొప్పి లేని చోట కాళ్ళు చాపుకుని పడుకో.