బొట్టు పెట్టి పిలిచిన స్కూలు

అప్పట్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఫోన్‌లో రెండు నీలం టిక్కులు పడ్డాయంటే అవతలి మనిషికి విషయం చేరిపోయినట్టేననీ, కింద బొటనవేలి బొమ్మ కూడా పడిందంటే ఇక ఆ పని అయిపోయినట్టేననీ. డిగ్రీ పూర్తిచేసి, బెంగళూరు అంచున మా కాడుగోడిలోనే రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఉన్న చిన్న ప్రైమరీ స్కూల్లో ఆఫీసు ఉద్యోగానికి చేరిన కొత్త రోజులవి. ఉద్యోగం అంటే ఏమిటనుకున్నారు? తల్లిదండ్రుల గ్రూపు నడపడం. రేపు ఎల్లో డే, పసుపు బట్టలు వేయండి. ఎల్లుండి సెలవు. రెండో తరగతిలో పేలు ఎక్కువయ్యాయి, తలలు చూసి పంపండి. ఇలాంటి వార్తలన్నీ ఇంగ్లీషులో, కన్నడంలో, తెలుగులో టైపు చేసి పెట్టేదాన్ని. పిల్లలు నాకు ‘అప్‌డేట్ అక్క’ అని పేరు పెట్టారు. నేను ఏం పెట్టినా జవాబుగా బొటనవేళ్లే వచ్చేవి. పేల సంగతికి కూడా బొటనవేళ్లు, దండాలు, ఒకాయన దగ్గర్నుంచి కేకు బొమ్మ (ఆయన ఆటో నడుపుకుంటూ నొక్కాడని తర్వాత తెలిసింది). నా మూడు భాషల పాండిత్యం ఊరంతా చదువుకుంటోందని మురిసిపోయేదాన్ని.

ఆ ఉద్యోగం మూడు నెలల ట్రయల్ మీద ఇచ్చారు. కుదిరితే పర్మనెంట్, లేకపోతే మా నాయన చెప్పినట్టు జిగణిలో మా చిన్నాయన పనిచేసే ఫ్యాక్టరీ ఆఫీసు. ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకి బస్సులు మారి మారి పోవాలి, రావాలి. పైగా అక్కడ పిల్లలుండరు, నట్లూ బోల్టులూ ఉంటాయి. నాకేమో ఈ స్కూలే కావాలి. పొద్దున్నే గేటు దగ్గర ముక్కులు చీదుకుంటూ నిలబడే ఆ చిన్న మనుషులంటే నాకు ప్రాణం. సరిగ్గా ట్రయల్ ముగిసే నెలలో ‘గ్రాండ్‌పేరెంట్స్ డే’ వచ్చింది. అవ్వలూ తాతలూ స్కూలుకొస్తే పిల్లలు పాటలు పాడి, నాట్యం చేసి చూపిస్తారు. అంతకుముందు సంవత్సరం హాలు ఖాళీగా ఉండిపోయిందట. పిల్లలు కుర్చీలకు పాడి వినిపించి, కుర్చీలకే దండం పెట్టి దిగారట. అందుకని మా పెద్ద మేడమ్ నన్ను గదిలోకి పిలిచింది. ఆమెది విజయవాడ వైపు, బెంగళూరు వచ్చి ఎన్నో ఏళ్లయింది. “చూడమ్మా, ఈసారి ట్రస్టు సార్ స్వయంగా వస్తున్నారు. హాల్ ఫుల్ అయితే నీ ఆర్డర్ మీద ఆ రోజే సైన్ పెట్టిస్తాను. కాకపోతే ఇక నేనేం చెప్పలేను. కమ్యూనికేషన్ మొత్తం నీదే కదా” అంది.

నాదేనని గట్టిగా తలూపాను. ఆ సాయంత్రమే గ్రూపులో ఆహ్వానం పెట్టాను. చుట్టూ పూల తీగ, మధ్యలో నవ్వుతున్న ముసలి జంట బొమ్మ, కింద మూడు భాషల్లో సమయమూ స్థలమూ, చివర్న ‘లైట్ రిఫ్రెష్‌మెంట్స్ ఉంటాయి’ అన్న ముక్క. నిమిషాల్లో బొటనవేళ్లు కురిశాయి. వరుసగా నాలుగు రోజులు అదే మళ్లీ పెట్టాను, మళ్లీ బొటనవేళ్లే. హాలు సరిపోదేమోనని ఆయమ్మతో చెప్పి పక్క గది బెంచీలు కూడా బయట వేయించాను.

ఫంక్షన్‌కి ఇంక రెండు రోజులుందనగా, సాయంత్రం ఇంట్లో మా జేజి (మా నాయన తల్లి) ముందు కూర్చుని నా గొప్ప చెప్పుకుంటున్నాను. ఆమె పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజలు పితుకుతూ, గింజ ఒక గిన్నెలోకి, తొక్క ఒక చాటలోకి వేస్తూ, తల ఎత్తకుండా అంది. “మార్కెట్లో బొరుగుల అవ్వ కనిపిచ్చిండ్య. మీ మనవరాలి స్కూల్లో ఏదో ఉండాదంట గదా, ఫోన్లో ఏసినారంట, మా కోడలు చెప్పె అనింది. నువ్వు పోతావాంటే, మమ్మల్నెవురు పిలిచిరి అనె.”

“అదేంది జేజీ! ఫోన్లో పెట్టింది పిలవడానికే కదా. ఆమె కోడలు బొటనవేలు కూడా పెట్టింది.”

“ఫోన్లో అందురికీ ఏస్తివి. నీళ్ళు రావు అని కార్పొరేషనోళ్ళు గూడా అందురికీ ఫోన్లోనే ఏస్తారు. అందుకని మనమేమన్నా పట్టుచీర కట్టుకోని పోతామా? నువ్వు ఏసింది సుద్ది. పిలుపు ఏడుంది దాంట్లో?”

(సుద్ది అంటే కన్నడంలో వార్త. మా జేజికి ఏ మాట ఏ భాషదో పట్టింపు లేదు, పని జరిగితే చాలు.) కాడుగోడి ఎంత పెరిగినా, చుట్టూ ఎన్ని గాజు మేడలు లేచినా, పాత ఊళ్లో మాత్రం ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవనిదే పక్కింటి సీమంతానికి కూడా పోరు. అవ్వలకైతే అది మర్యాద విషయం. పిలవని చోటికి పోయిందన్న మాట పడటం కన్నా ఇంట్లో కాలు చాపుకుని కూర్చోవడం నయం వాళ్లకి. పోయిన సంవత్సరం హాలు ఎందుకు ఖాళీగా ఉందో నాకప్పుడు తెలిసింది. జిగణి బస్సు కళ్ల ముందు కనిపించి ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను. జేజి చేతులు కడుక్కుని లేచి, “ఏడ్చే పనేముంది? రెండు దినాలుండాది గదా, లే” అని దేవుడి గూట్లోంచి వెండి కుంకుమ భరిణె తీసింది.

ఆ రెండు సాయంత్రాలూ మేమిద్దరం తిరగని సందు లేదు. మొదట బొరుగులు (అంటే మరమరాలు) అమ్మే ఆ అవ్వ ఇల్లు, తర్వాత టైలర్ వాళ్లు, పూల మండీ వాళ్లు, ఆటో ఆయన వాళ్లమ్మ. గుమ్మంలో నిలబడి నేను “మా స్కూలు ఫంక్షన్‌కి రావాలండీ” అని వినయంగా చెప్పి బొట్టు పెట్టడం, వెనకనుంచి జేజి అందుకోవడం. “ఇంటిల్లిపాదీ రావాల. ఆ పూట మీ ఇంట్లో పొయ్యి ముట్టిచ్చద్దండి” అనేది. కన్నడం వాళ్ల గుమ్మంలో అదే మాట “మనెమందియెల్లా బరబేకు” అనేది. భర్త పోయిన అవ్వలుంటే వాళ్ల రెండు చేతులూ పట్టుకుని మరీ పిలిచేది. నాకు తెలిసినంతలో పిలుపంటే ఆ మాటలన్నీ ఉంటాయి, పెళ్లి పత్రిక మీద దేవుడి పేరు ఉన్నట్టు. అందులో అర్థం వెతకాలని నాకు తోచలేదు. నా దిగులంతా వాళ్ల జవాబు గురించే. ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చి, “చూస్తాంలేమ్మా, తీరికైతే వస్తాం” అనేవాళ్లు. ఒక్కరైనా వస్తామని తెగేసి చెప్పరు. నేను నీరసపడిపోతుంటే జేజి నవ్వింది. “అట్లంటే వస్తారని. తప్పకుండా వస్తాం అనేటోళ్ళే రారు” అంది.

వచ్చారు. పదిన్నరకి ఫంక్షన్ అంటే పదికే గేటు ముందు ఆటోలు బారులు తీరాయి. పట్టుచీరలు, మల్లెపూలు, ఇస్త్రీ పంచెలు, బుజాన జరీ కండువాలు. అవ్వ వెంట తాత, తాత వెంట కొడుకులు, సెలవు పెట్టుకున్న కోడళ్లు, హొసకోటె నుంచి ప్రత్యేకంగా వచ్చిన అల్లుడు, చంకలో ఉయ్యాల వయసు పాపలు. ప్రతివాళ్ల చేతిలోనూ రంగుకాగితం చుట్టిన గుండ్రటి పొట్లం ఒకటి. చదివింపులు! పెద్ద మేడమ్ మెట్ల మీద నిలబడి చూస్తూ, “వీళ్లంతా గ్రాండ్‌పేరెంట్సేనా?” అని నన్నడిగింది. సరిగ్గా అప్పుడే ఒక చంటివాడు ఆమె చీర కొంగు పట్టుకున్నాడు. “ఇతను కూడానా?” అంది. ట్రస్టు సార్ కారు దిగగానే ఒక తాత ఎదురెళ్లి, ఆయన రెండు చేతులూ పట్టుకుని లోపలికి నడిపిస్తూ, “రాండి రాండి, మీరు ఎవురి తరపు?” అని అడిగాడు. సార్ చాలాసేపు ఆలోచించి, “స్కూలు తరపు” అన్నాడు.

పిల్లల సంగతి చెప్పాలి. కిటికీల్లో కూడా మనుషులు నిండిన ఆ హాలును చూసి వాళ్లు అడుగులన్నీ మర్చిపోయారు. ఒకటో తరగతి పిల్ల నాట్యం మధ్యలో ఆపి, “అవ్వా, నేను ఈడుండా!” అని చెయ్యి ఊపింది. అవ్వ కూడా లేచి ఊపింది. మిగతా పిల్లలందరూ నాట్యం మానేసి తమ తమ అవ్వలను వెతుక్కుని చెయ్యి ఊపసాగారు. పాట దాని దారిన అది అయిపోయింది. అంత ఆనందం నేను ఆ హాల్లో మళ్లీ చూడలేదు. ఉద్యోగం వచ్చేసినట్టేనని లోపల్లోపల స్వీట్లు పంచుకుంటూ, బిస్కెట్ పొట్లాలూ చిన్న జ్యూసు డబ్బాలూ ఇవ్వడం మొదలుపెట్టాను.

మొదటి వరుసలో ఉన్న పెద్దాయన బిస్కెట్ పొట్లం అందుకుని, మనవడి జేబులో పెట్టి, కండువా తీసి మోకాలి మీద వేసుకుని, “సరేమ్మా. పంక్తి యాడ?” అన్నాడు. నాకు అర్థం కాలేదు. “ఊటకి, అదే బోజనానికి, ఏ పక్క కూచోవాలమ్మా?” అని ఆయన భార్య విడమరిచి చెప్పింది. అప్పుడు జేజి గుమ్మం గుమ్మంలో అన్న మాట నా చెవుల్లో మోగింది. ఆ పూట నిజంగానే ఆ వీధుల్లో ఏ ఇంట్లోనూ పొయ్యి ముట్టించలేదు.

పెద్ద మేడమ్ నన్ను గదిలోకి లాక్కెళ్లింది. “లంచ్ అని ఎవరు చెప్పారు వీళ్లకి? మెసేజ్‌లో క్లియర్‌గా లైట్ రిఫ్రెష్‌మెంట్స్ అని ఉంది కదా!” “మెసేజ్ ఎవరూ చదవలేదు మేడమ్” అన్నాను. ఆ స్కూల్లో నేను చెప్పిన మొదటి నిజమైన అప్‌డేట్ అదే. ఆమె నుదురు పట్టుకుని కూర్చుంది. బయట సార్ ఒక్కడే మూడు కుటుంబాల మధ్య ఇరుక్కుని ఉన్నాడు. ఇక దాచి లాభం లేదని, వెళ్లి బొరుగుల అవ్వ పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. వండింది ఏమీ లేదవ్వా, తప్పైపోయింది అన్నాను. ఆమె నా మొహం చూసి, “ఓసి పిచ్చిదానా, మొగం అట్ల పెట్టుకోద్దు. ఇంతమంది ఆడోళ్ళముండాము” అని లేచి కొడుకును కేకేసింది.

అరగంటలో మోపెడ్ మీద బొరుగుల మూటలు దిగాయి. మార్కెట్ నుంచి ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, నిమ్మకాయలు వచ్చాయి, ఎదురు టీ కొట్టు నుంచి పెద్ద బాణలి వచ్చింది. పట్టుచీరలు బొడ్లో దోపుకుని అవ్వలు కోయడానికి కూర్చున్నారు. స్కూలు వెనక బొరుగులతో చేసే ఉగ్గాని తాలింపు ఘుమఘుమ లేచింది. అంతలో ఆయమ్మకి గుర్తొచ్చింది, పళ్లాలు లేవని. పెద్దాయన చదివింపుల పొట్లాలకేసి చూపించి, “అవి ఏంటికుండేది?” అన్నాడు. రంగుకాగితాలు చింపితే అన్నీ స్టీలు పళ్లాలే, గిన్నెలే. (మనవాళ్ల సంగతి తెలిసిందే. వచ్చిన పళ్లెం ఇంట్లో నిలవదు, ఇంకో ఫంక్షన్‌కి పోతుంది.) ట్రస్టు సార్ ఉగ్గాని తిన్న పళ్లెం మీద ‘గృహప్రవేశ శుభాకాంక్షలతో’ అని చెక్కి ఉంది. ఆయన అది రెండుసార్లు చదివి, రెండోసారి ఉగ్గాని అడిగి పెట్టించుకున్నాడు. పెద్ద మేడమ్ నిలబడే తింటూ నా వైపు చూడకుండా, “నెక్స్ట్ ఇయర్ లంచ్ బడ్జెట్‌లో పెట్టేద్దాం. మెనూ నువ్వే చూసుకో” అంది. అందులో ‘నెక్స్ట్ ఇయర్’ అన్న మాట నా బుర్రకెక్కడానికి కొంచెం సేపు పట్టింది.

ఎక్కాక, ఆ మాట జేజికి చెప్పాలని చుట్టూ వెతికాను. ఎక్కడా లేదు. పిలిచిన అవ్వలందరూ నన్నే అడిగారు, “మీ జేజి యాడమ్మా? కనపళ్ళేదే” అని. ఆ హడావిడిలో పొద్దుటినుంచీ నేను గమనించనే లేదు. ఒంట్లో బాగాలేదేమోనని ఇంటికి పరుగెత్తాను. వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. నెమలికంఠం రంగు పట్టుచీర, తలలో పూలు, ఒళ్లో చేతిసంచి. పక్కన రంగుకాగితం చుట్టిన పళ్లెం. ఇంకో కుర్చీలో తాత, ఇస్త్రీ పంచెలో నిద్రపోతున్నాడు.

“ఏంది జేజీ, రాలేదేం?”

“ఎట్ల వస్తా? నన్నెవురు పిలిచిరి?”

“నువ్వే కదా ఊరందర్నీ పిలిచింది!”

“పిలిచింది నేనే. నన్ను పిలిచిందెవురు?” అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. పొద్దుటినుంచీ ఆ కుర్చీలో అలా కూర్చుని, వీధిలో పోయే ఆటోల్లో తను పిలిచినవాళ్లను చూస్తూ ఉండిందన్నమాట. లోపలికి వెళ్లి భరిణె తెచ్చి, వంగి ఆమె నుదుట బొట్టు పెట్టి, “మా స్కూలు ఫంక్షన్ జేజీ. నువ్వూ తాతా తప్పకుండా రావాలి” అన్నాను. మా జేజి గంభీరంగా తలూపి, “చూస్తాంలేమ్మా, తీరికైతే వస్తాం” అంటూనే చెప్పుల్లో కాళ్లు పెట్టేసింది.

ఆ స్కూల్లో చాలా ఏళ్లే చేశాను. ఏటా మొదటి బొట్టు జేజికే. పెళ్లయ్యి ఇప్పుడు అత్తిబెలె వైపు ఉంటున్నాం, జేజి పోయి రెండేళ్లయింది. మొన్న మా పాప స్కూలు యాప్‌లో ‘ఫ్యామిలీ డే’ అని అప్‌డేట్ వచ్చింది. చుట్టూ పూల తీగ, బొమ్మలు కదులుతున్నాయి కూడా. చూసీ చూడకుండా బొటనవేలు నొక్కేసి నా పనిలో పడ్డాను. సాయంత్రం పాప వచ్చి, “అమ్మా, నువ్వొస్తున్నావు కదా?” అంది. “నన్నెవరు పిలిచారే?” అన్న మాట నా నోట్లోంచే వచ్చింది, అచ్చం జేజి గొంతుతో. పాప తెల్లమొహం వేసింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్లలో నీళ్లొచ్చాయి. లేచి, దాన్ని పూజగదిలోకి తీసుకుపోయి, కుంకుమ భరిణె ఎక్కడుంటుందో చూపించాను.