కిమ్‌లో కూలిన పందిరి

ఈ మాట గొంతులో పెట్టుకొని ఏళ్లుగా తిరుగుతున్నాను. నా భార్యకూ తెలియదు. మీరెవరో నాకు తెలియదు గనుక మీకు చెప్పగలుగుతున్నాను.

నేను పెరిగింది సూరత్‌లోని డిండోలిలో. నాన్న తెలంగాణ నుంచి వలసొచ్చి మగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. నేను ఇంజనీరింగ్ చదివి సూరత్‌లోనే, అడాజన్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. గాలి, నీళ్లు తగిలినప్పుడు మెత్తని వస్తువులు ఎట్లా కదులుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పని.

సూరత్‌కు దగ్గర్లోని కిమ్ అనే ఊళ్లో ఒక మిల్లు సేఠ్, కార్మికులు కూర్చొని తినడానికి పెద్ద గుడ్డ పందిరి వేయించాడు. లెక్క నాది. కుట్టుపని మా గల్లీ కనకయ్య కాకకు నేనే ఇప్పించాను.

గాలి గుడ్డను వంచుతుంది. వంగిన గుడ్డ గాలి దారిని మారుస్తుంది. మారిన గాలి మళ్లీ గుడ్డను గుంజుతుంది. ఈ రెంటినీ కలిపి లెక్కేస్తే, గట్టి గాలికి గుడ్డ ఊపు ఆగకుండా పెరుగుతూ పోయింది. అది కంప్యూటర్ పొరపాటనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని కోరుకున్నానా? సేఠ్ తొందరపెడుతున్నాడు. లెక్కలో ఊపును అణిచే విలువ ఒకటుంటుంది, దాన్ని పెంచాను. తెర మీద ఊపును చూపే గీత నెమ్మదించింది. రిపోర్టు పంపాను.

వానలకు ముందు ఈదురుగాలి వచ్చింది. పందిరి చినిగి, స్తంభం ఒరిగి, కింద తింటున్న ఒకతని భుజం నలిగింది. ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు.

నేను వెళ్లి చూశాను. చిరుగు గుడ్డ నడిమధ్య నుంచి పోయింది. పక్కనే కుట్టు చెక్కుచెదరలేదు. అది కళ్లారా చూసి కూడా సేఠ్‌కు కుట్టు బలహీనమని చెప్పాను. ఆయన ఆ గుడ్డంతా తుక్కులో వేయించాడు.

ఆ సాయంత్రం కాక మా ఇంటికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“నా కుట్టు ఇడిసిందా బిడ్డా? నువ్వు సదువుకున్నోనివి. సక్కగ జెప్పు.”

“అవ్ కాకా. కుట్టే ఇడిసింది.”

తలూపి వెళ్లిపోయాడు. ఇంకొక్క ప్రశ్న కూడా వేయలేదు. నా మాట అంత నమ్మాడు. వేసి ఉంటే నిజం చెప్పేవాణ్నా? నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. చెప్పేవాణ్ని కాదేమో.

తర్వాత ఆయనకు పెద్ద పనులు ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు దిండు గలేబులు, సంచులు కుడతాడు. ఏది కుట్టినా ప్రతి కుట్టు మీదా మళ్లీ కుట్టు వేస్తాడు. చూపు మందగించినా మానడు. భుజం పోయినతను తన ఊరికి వెళ్లిపోయాడట. అతని ఇంటికి నేను ఒక్కసారీ వెళ్లలేదు.

కనకయ్య కాకా, నీ కుట్టు విడలేదు. గుడ్డ చినిగింది నా లెక్క వల్ల. ఈ మాట నీ ముందర అనలేకపోయాను, ఇక్కడ అన్నాను. ఇంతమాత్రానికే ఊపిరి కొంచెం ఆడుతోంది. అట్లా ఆడుతున్నందుకు కూడా సిగ్గుగానే ఉంది.